మేడమ్ మలుపు

దెయ్యమన్నాక ప్రాణం తీస్తుంది, లేకపోతే నాలుగు రోజులు జ్వరమైనా తెప్పిస్తుంది. మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ దగ్గరి మలుపులో ఉన్న దెయ్యం మాత్రం లైసెన్సు లాక్కుంటుందని పేరు.

బతికున్న రోజుల్లో ఆవిడ బ్రేక్ ఇన్‌స్పెక్టరు. డ్రైవింగ్ పరీక్షలో మలుపు దగ్గర ఇండికేటర్ వెయ్యకపోతే సొంత తమ్ముణ్ణయినా ఫెయిల్ చేసేదట. సర్వీసు మొత్తంలో సిఫార్సు మీద పాస్ చేసింది ఒక్కణ్ణే. వాడే ఒక రాత్రి తప్పతాగి వచ్చి, ఇదే మలుపులో ఆవిడ స్కూటర్ని గుద్దాడు. అప్పట్నుంచీ తాగి ఈ దారిన పోయేవాళ్ళ బండెక్కి, ఆవిడ మళ్ళీ పరీక్ష పెడుతుందని జనం చెప్పుకుంటారు.

"మేడమూ లేదు, గీడమూ లేదు," అనేవారు డ్రైవింగ్ స్కూలు మాస్టారు. "గోడ వెనక లైట్లార్పుకుని పోలీసులుంటారు. లైసెన్సు పట్టుకెళ్ళేది వాళ్ళే."

ఆయనకి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది! రెండుసార్లు అక్కడే దొరికారు. రెండోసారి జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూసి, "మూడోసారి కనబడితే లైసెన్సు శాశ్వతంగా రద్దు," అన్నారు. లైసెన్సు లేని మాస్టారికి స్కూలెక్కడిది? ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో సగం మందికి క్లచ్చంటే ఏమిటో నేర్పిన మనిషి ఆయన. ఇంకో పని రాదు. ఇంట్లో ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు... "ఈసారి దొరికితే స్కూలు బోర్డు మీద సున్నం నేనే కొడతాను," అంది అంతే.

ఆ మాటకి భయపడి ఐదు నెలలు చుక్క ముట్టలేదు. ఇంతలో ఆయన దగ్గర నేర్చుకుంటున్న దర్జీ డ్రైవింగ్ పరీక్ష పాసయ్యాడు.

ఆరుసార్లు తప్పి ఏడోసారికి గట్టెక్కాడతను. ఆరుసార్లూ ఒకటే తప్పు, ఇండికేటర్ వెయ్యడం మర్చిపోవడం. ఆ ఆనందంలో గురువుగార్ని గుట్ట మీది బారుకి తీసుకెళ్ళాడు. తను సోడాతో సరిపెట్టుకున్నాడు. గురువుగారు మాత్రం ఐదు నెలల బాకీ తీర్చేశారు.

బయటికొచ్చేసరికి పన్నెండు దాటింది.

"నేను దింపుతాను గురువుగారూ," అన్నాడు దర్జీ.

"నీకు నేర్పింది నేనురా. నువ్వెలా నడుపుతావో నాకు తెలీదూ? ఇంటికి పో."

దర్జీ వెళ్ళిపోయాడు. మాస్టారికి ఇల్లు చేరాలంటే ఆ మలుపు తప్ప దారి లేదు. అప్పుడు మందు ఒక తెలివి చెప్పింది. బారు నుంచి ఐసు ఫ్యాక్టరీ దాకా అంతా దిగుడే. ఇంజను స్టార్ట్ చేస్తే కదా పోలీసులకి వినబడేది! లైట్లు వేస్తే కదా కనబడేది! తాళం జేబులోనే ఉంచుకుని స్కూలు కారెక్కారు. గేరు తీసి, హ్యాండ్ బ్రేకు వదిలేశారు.

బండి కదిలింది... పిల్లిలా, చప్పుడు లేకుండా.

"మెల్లగా... తొందరేం లేదు," అన్నారు అలవాటుగా. "అద్దంలో చూసుకో..."

వేగం పెరిగింది. చీకట్లో ఫ్యాక్టరీ గోడ కనబడింది. ఎక్కడో టిక్... టిక్... అని వినిపిస్తోంది. తన గుండె కాబోలనుకున్నారు.

"మలుపొచ్చింది... జాగ్రత్త..."

బండి చక్కగా తిరిగింది. ఒక్క కుదుపు లేదు.

"శభాష్!" అని పక్కకి చూశారు.

స్టీరింగ్ ముందు... ఎవరూ లేరు.

ఇరవై రెండేళ్ళ అలవాటు! మాస్టారు ఎక్కింది రోజూ తను కూర్చునే సీట్లోనే — నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో. డ్రైవరు సీటు ఖాళీ. బండి మాత్రం పోతూనే ఉంది...

పై ప్రాణాలు పైనే పోయాయి. ఇలాంటి సమయాల కోసమే తన కాళ్ళ దగ్గర పెట్టించుకున్న రెండో బ్రేకుని బలంకొద్దీ తొక్కారు. బండి ఆగింది. గోడ పక్కనుంచి తెల్లగా ఏదో కదిలింది... దగ్గరికొచ్చింది... అద్దం మీద టకటకా కొట్టింది.

"ఊదండి."

"మేడమ్... తప్పైపోయింది మేడమ్... ఇంకెప్పుడూ తాగను..."

"మేడమేంటండీ? నేను కానిస్టేబుల్ని!"

ఊదారు. మిషను కుయ్యిమంది. ఎస్సైగారు టార్చితో వచ్చి, "మాస్టారూ, మళ్ళీ మీరేనా!" అని లోపలికి చూసి ఆగిపోయారు. "డ్రైవరేడి?"

"ఎవరూ లేరండీ," అన్నారు మాస్టారు. పోలీసుల ముందు ఆయన చెప్పిన మొదటి నిజం అదే.

సీట్ల కింద వెతికారు. గోడ వెనక వెతికారు. చివరికి కానిస్టేబుల్ అన్నాడు, "పైనుంచి దానంతటదే జారొచ్చినట్టుంది సార్."

ఎస్సైగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "పక్క సీట్లో కూర్చున్నవాడి మీద కేసు రాసుకెళ్తే జడ్జిగారు నాకు పెడతారు గడ్డి. లైసెన్సు బతికింది, నడిచి ఇంటికి పొండి!"

మాస్టారికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. లైసెన్సు ఉంది. స్కూలుంది. దెయ్యమూ లేదు. ఇంకేం కావాలి?

బండి పక్కకి పెడదామని కానిస్టేబుల్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. "తిరగట్లేదేంటి? లాకైపోయుంది. తాళం ఇవ్వండి మాస్టారూ."

జేబులో చెయ్యి పెట్టారు. తాళం చల్లగా తగిలింది. తాళం లేని బండికి స్టీరింగ్ తిరగదు... స్కూల్లో చేరిన ప్రతివాళ్ళకీ ఆయన చెప్పే మొదటి పాఠం అది.

మెల్లగా వెనక్కి తిరిగి, దాటొచ్చిన మలుపు వంక చూశారు.

"అలాగే ఈ ఇండికేటర్ కూడా ఆగట్లేదు, చూడండి," అన్నాడు కానిస్టేబుల్. "ఇది వెయ్యకపోయుంటే ఈ చీకట్లో మీ బండి మాకు కనబడేదే కాదు."