ఏడో ఏటి గుడ్డ

“ఆ నీలం గుడ్డ మాది,” అంది మిరిన్, రాతిగోడకు అవతల నిలబడి.

చినుకులు పడుతున్నాయి. నా చేతుల్లో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల, దాని చుట్టూ ఆ గుడ్డ. తెల్లవారగానే గొర్రె ఈనలేక అవస్థ పడుతుంటే, మా ముళ్ళకంచె మీద కనిపించిన గుడ్డను లాగి తెచ్చాను. దాంతోనే పిల్లను తుడిచాను, దాంట్లోనే చుట్టాను. ఆ రోజు ఫిబ్రవరి ఒకటి, బ్రిజిడ్ పండుగ అని తట్టనే లేదు.

ఏటా పండుగ ముందురోజు రాత్రి, గొర్రెలనూ రోగులనూ కాచే బ్రిజిడ్ తల్లి ఊళ్ళ మీదుగా నడిచి వెళుతుంది. ఆమె తాకాలని ఇంటింటా ఒక గుడ్డ బయట కడతారు. మిరిన్ వాళ్ళమ్మ కాటలిన్ అత్తకు ఏళ్ళ తరబడి తలనొప్పి. మందులకు లొంగలేదు. ఏడేళ్ళు వరసగా ఆ రాత్రి మంచు పట్టిన గుడ్డ తలకు చుట్టుకుంటే పోతుందని ఆవిడ ఆశ. మధ్యలో ఉతక్కూడదు. ఇది ఏడో ఏడు. ఇప్పుడు దాని నిండా నెత్తురు మరకలు.

“గాలికి ఎగిరొచ్చినట్టుంది,” అన్నాను.

“గాలికి బుద్ధి లేదు సరే. నీకు?”

వానచుక్క ఒకటి ఆమె కనురెప్ప మీద ఆగింది. చూడవలసిన సమయం కాదని తెలిసీ చూశాను.

ఆమె చూపు పిల్ల మీదికి దిగింది. తల్లి కూడా బతికిందా అని అడిగింది. బతికిందన్నాను. ఇప్పుడు గుడ్డ విప్పితే పిల్ల చలికి చస్తుందని, నన్నే వచ్చి వాళ్ళమ్మకు చెప్పుకోమంది.

దారంతా తిట్టింది. అన్నిటికీ తలూపాను. నేను పట్నం నుంచి తిరిగొచ్చి ఏడాదైనా ఒక్కసారీ పలకరించలేదేమని చివరికి నిష్ఠూరమాడింది.

“మీ గేటు దాకా నాలుగుసార్లు వచ్చాను,” అన్నాను.

మిరిన్ ఆగిపోయింది. “కుక్కుందని వెళ్ళిపోయావా?”

“నువ్వున్నావని.”

ఆ తరువాత తిట్లు లేవు.

కాటలిన్ అత్త పొయ్యి పక్కన నుదురు పట్టుకుని కూర్చుంది. జరిగింది చెప్పాను. ఆవిడ పిల్లను ఒళ్ళోకి తీసుకుని, తన శాలువా కప్పి, మరకల గుడ్డను నెమ్మదిగా విప్పింది.

“బ్రిజిడ్‌కి గొర్రెలు ముందు, నా తల తరువాత,” అంటూ దాన్నే తలకు చుట్టుకుంది.

“గట్టిగా కట్టి ఉంటే ఎగిరిపోయేదే కాదమ్మా,” అంది మిరిన్.

కిటికీ అద్దం మీద వాన కొడుతోంది. నాలుగు రోజులుగా పడమటి గాలే. మా పొలం వాళ్ళింటికి పడమర. గాలికి ఎదురు ఏ గుడ్డా ఎగరదు. లాగేటప్పుడు గుడ్డకు వేసిన రెండు ముడులు విప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

“అత్తా, ఈ గుడ్డ మా కంచెకు మీరే కట్టారా?”

“నాలుగుసార్లూ ఈ కిటికీలోంచే చూశాను, అబ్బాయ్. అయిదోసారికి లోపలికి రప్పించాలి కదా.”

మిరిన్ నా వైపు చూడకుండా టీ కెటిల్ పొయ్యి మీద పెట్టి, మూడు కప్పులు తీసింది.

“తలనొప్పి ఎలా ఉందమ్మా?” అని అడిగింది.

కాటలిన్ అత్త కళ్ళు మూసుకుంది. “సగం తగ్గింది. మిగతా సగం మీ ఇద్దరి చేతుల్లో ఉంది.”