నాలుగో మంచానికి సాక్షి

"పదింటికి సూది వేస్తారు. దానికి ముందు సాక్షి సంతకం కావాలి. ఆ సాక్షివి నువ్వే" అన్నాడు చీఫ్.

ఏజెంట్ ముప్పై ఆరు మొహం మాడిపోయింది. మేడల మీంచి దూకేవాడికి గుమాస్తా వేషమా!

చీఫ్ ఫైలు ముందుకు తోశాడు. విటమిన్ పేరు చెప్పి ఇటుక బట్టీ కూలీల మీద కొత్త మందు ప్రయోగిస్తోంది ఒక విదేశీ ముఠా. ఇప్పటికే ఇద్దరు పోయారు. చదువురానివాళ్లు అంగీకార పత్రం మీద వేలిముద్ర వేస్తే, బయటి మనిషి సాక్షి సంతకం పెట్టాలి. పాత సాక్షి పరారీ.

"లోపల మన డాక్టరమ్మ ఉంది. 'ఫ్యాన్ తిరగడం లేదా?' అని అడుగు. 'గాలి అక్కర్లేదు' అంటుంది. కానీ ఆవిడ రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషి. జాగ్రత్త!"

ముఠా నడిపే ఆసుపత్రి వార్డులో పదికి పది నిమిషాలు. నాలుగో మంచం మీద ముసలామె నవ్వింది. "దీంతో మోకాళ్ల నొప్పులు పోతాయట కదా, బాబూ?"



సెంటు ఘుమఘుమలతో డాక్టరమ్మ వచ్చింది. కోడ్ కలిసింది. చేతికి కాగితం ఇచ్చింది. వేలిముద్ర అప్పటికే ఉంది, గీత గీతా స్పష్టంగా. అతను ముసలామె బొటనవేలు పట్టుకుని చూశాడు. ముప్పై ఏళ్లు ఇటుకలు మోసి అరిగి నున్నగా అయిపోయింది. ఒక్క గీత లేదు.

"ఇది నువ్వు వేసిందేనా, పెద్దమ్మా?"

"నన్నెవరడిగారు, నాయనా?"

అతని జేబులోని పెన్ కెమెరా క్లిక్‌మంది. డాక్టరమ్మ అతని చెవిలో గుసగుసలాడింది. "సూది పడనివ్వండి. రెడ్ హ్యాండెడ్‌గా దొరుకుతారు. ఒక్క డోసుకేం కాదు."

"ఆ ఇద్దరికీ ఇలాగే చెప్పారా?"

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "ఆవిడ చెప్పినట్టే చెయ్. ఆగు."

ఆ మాటకు అతనికి ఒళ్లు మండిపోయింది. ఇయర్‌పీస్ పీకి పారేశాడు. నర్సు చేతిలోని సూది చర్మానికి తగలబోతుండగా ట్రేతో ఒక్క దెబ్బ కొట్టాడు. సిరంజి ముక్కలైంది. డాక్టరమ్మ పర్సులోంచి పిస్టల్ తీసింది. అతను మణికట్టు మెలిపెట్టేసరికి అది మంచం కిందికి జారింది. బయట కాపు కాస్తున్న మనవాళ్లు ఈలలు ఊదుతూ లోపలికి వచ్చిపడ్డారు.

"అయ్యయ్యో! మందు నేలపాలు చేశావేం, నాయనా?" అంది ముసలామె.

అతను మంచం పక్కన కూర్చున్నాడు. మందేమిటో, ఎవరు పోయారో, ఆ ముద్ర ఎవరు వేసుంటారో అంతా చెప్పాడు. సర్వీసులో మొదటిసారి దాచకుండా నిజం చెప్పాడు.

ఆమె చివరిదాకా విని, "ఈ ముక్క ముందే చెప్పుంటే నేనే వద్దనేదాన్నిగా! ఇంత రభస దేనికి?" అంది.

ఆ మాటను ఉన్నదున్నట్టు రిపోర్టులో రాశాడు. చీఫ్ ఆ ఒక్క వాక్యమే కొట్టేశాడు.