పెంటమ్మ దాచిన ముడి

“అయ్యా, ఫిర్యాదు చేస్తున్నది నేను, సింధూర, ప్రైవేట్ డిటెక్టివ్, దిల్‌సుఖ్‌నగర్. ఫిర్యాదు మా అత్తగారు వెంకాయమ్మ మీద. సదరు అత్తగారు నాకు అసిస్టెంటునని చెప్పుకుంటూ ఆఫీసులో తిష్ట వేశారు. క్లయింటు కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే ‘ఇది మొగుడి పనే’ అని తీర్పు చెప్పేస్తున్నారు. ఈ ఉదయం యాదలక్ష్మి అనే ఆవిడ ఎదుట కూడా అదే జరిగింది. ఇకమీదట క్లయింటు టీ తాగడం పూర్తయ్యేవరకైనా నోరు విప్పకుండా తగు ఉత్తర్వులు ఇప్పించగలరు.”

సింధూర ఆ కాగితాన్ని బల్ల అవతలికి తిప్పింది.

“చూశారా యాదలక్ష్మిగారూ? ఎవరు చేశారు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు, మనకేం కావాలి. ఫిర్యాదంటే ఇంతే. ఏడుపూ తిట్లూ అక్కర్లేదు.”

కళ్ళు తుడుచుకుంటూ వచ్చిన యాదలక్ష్మి మొదటిసారి నవ్వింది. ప్రతివాది వెంకాయమ్మ మాత్రం కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని మురిసిపోయింది. “నా మీదే అయినా ఎంత ముచ్చటగా రాసిందండీ మా కోడలు!”

యాదలక్ష్మి కథ చిన్నది. అత్త పెంటమ్మ జారిపడితే ఎల్బీ నగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తుంటి ఆపరేషన్ చేయించారు. ఆమె ఇంటికి తిరిగొచ్చేసరికి రెండు మణికట్ల చుట్టూ నల్లగా కమిలిన చారలున్నాయి.

“కట్టేశిన్రు, ఒర్రి ఒర్రి సచ్చిన, నీళ్లు గూడ ఇయ్యలే అంటది మేడమ్. దవాఖానోళ్లేమో మేం కట్టలే అంటరు. మా ఆయన లింగస్వామేమో ‘అమ్మకు మతి సక్కగ లేదు, వదిలెయ్’ అంటడు. గిప్పుడు కుట్ల కాడ చీము పట్టింది. ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తదట. ఆమె ఏ దవాఖానకూ రానంటది. మళ్ల కడ్తరంటది.”

“ఎవరు కట్టారట?”

“గదే చెప్పది.”

ఆమె కొంగుముడిలోంచి ఒక గాజుగుడ్డ పీలిక తీసింది. అత్త దాన్ని వక్కాకు సంచి అడుగున దాచుకుందట. ముడి ముడిలాగే ఉంది. పక్కన ఎవరో కత్తెరతో కోశారు. వెంకాయమ్మ గోళ్ళతో, పిన్నీసుతో కుస్తీ పట్టింది. లాగినకొద్దీ అది ఇంకా బిగిసింది.

“నా పెళ్ళినాటి నుంచి ఇంట్లో ముడులన్నీ నేనే విప్పాను అమ్మాయ్. ఇది నాకు కొత్త.”

“ఫిర్యాదు మొదట ఆసుపత్రి సూపరింటెండెంటుకి ఇచ్చి, మన కాపీ మీద ముద్ర వేయించుకోవాలి,” అంది సింధూర లేస్తూ. “కేస్ షీట్ నకలు అడగాలి, అది మీ హక్కు. అక్కడ తేలకపోతే జిల్లా వైద్యాధికారి దగ్గరికి వెళ్దాం. కానీ ‘ఎవరు’ అన్న చోట ఖాళీ ఉంటే వాళ్ళు నవ్వి పంపేస్తారు. ముందు ఆ ఖాళీ నింపాలి.”

ఆసుపత్రి మేనేజరు దశరథ ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ నవ్వుతో ఎదురొచ్చాడు.

“మా స్టాఫ్‌ల ఒక్కరు గూడ ఆమెను కట్టలేదు మేడమ్. యాడికొచ్చైనా చెప్త.”

“కేస్ షీట్‌లో కట్టమని డాక్టరు రాశారా?”

“లేదు కద! మేము కట్టనే లేదాయె.”

“ఆ ఫ్లోరుకి రాత్రి డ్యూటీలో ఎంతమంది సిస్టర్లుంటారు?”

“ఒక్కరు. అయినా పేషెంటుకు అటెండెంట్లు ఉంటరు కద మేడమ్. నీళ్లు తాపుడు, పక్కకు జరుపుడు, గవన్నీ వాళ్లే చూస్కుంటరు.”

వెంకాయమ్మ బయటికొచ్చాక నిట్టూర్చింది. “బిల్లు వాళ్ళకీ, చాకిరీ మనకీనా!”

మర్నాడు వాళ్ళు యాదలక్ష్మి ఇంటికి వెళ్ళారు. ఎల్బీ నగర్ సందులో రెండు గదుల కిరాయి ఇల్లు. మంచం మీది పెంటమ్మకు మాటలు రావని ఎవరూ అనలేరు.

“ఆ సిస్టరా? పిలిస్తే పలుకది, ఫోన్ల పడి సస్తది. ఆయమ్మ నన్ను బస్తా లెక్క దొర్లిచ్చింది. డాక్టరైతే నా మొకం గూడ సూడలే, కాలు సూశి పోయిండు.”

“మరి కట్టిందెవరు పెంటమ్మగారూ?”

ముసలామె గోడవైపు తిరిగింది. అటునుంచే అడిగింది. “పిల్లా, మా లింగడు తిన్నడా?”

బయట సరుకు లోడుతో డీసీఎం వ్యాను వచ్చి ఆగింది. దాన్ని నడిపే లింగస్వామి వచ్చీ రాగానే విసుక్కున్నాడు. “గీ ఫిర్యాదులు గిర్యాదులు వద్దు మేడమ్. అమ్మ ఏదో అంటది, పట్టించుకోకుండ్రి. జర మమ్మల్ని పరేషాన్ చెయ్యకుండ్రి.” అంటూనే వెనక్కి వెళ్ళి, లోడు మీది టార్పాలిన్ తాడు కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. బిర్రుగా ఉన్న ముడి నీళ్ళలా జారిపోయింది. “తుర్కయంజాల్ దాక పోయి అన్‌లోడ్ చేసొస్త,” అని మళ్ళీ బిగించాడు.

సింధూర ఆ తాడు వైపు అవసరమైనదానికన్నా ఎక్కువసేపే చూసింది.

ఆ సాయంత్రం పెంటమ్మ మంచం చుట్టూ అందరూ చేరారు. జిల్లా వైద్యాధికారి దాకా వెళ్ళకముందే మాట్లాడుకుందామని కబురు పెడితే దశరథ కూడా వచ్చాడు.

“పెంటమ్మగారు సిస్టర్ని తిట్టారు, ఆయాని తిట్టారు, డాక్టర్ని తిట్టారు,” అని మొదలుపెట్టింది సింధూర. “కట్టింది వాళ్ళలో ఒకరైతే ఆ పేరు ఎల్బీ నగర్ చౌరస్తా దాకా వినపడేది. పేరు అడిగితే మాత్రం గోడవైపు తిరిగారు. పైగా నలుగురికీ చూపించాల్సిన సాక్ష్యాన్ని వక్కాకు సంచిలో దాచారు. పరాయివాళ్ళ తప్పుని ఎవరూ దాచరు.”

ఆమె గాజుగుడ్డ పీలిక తీసి, పైకి కనబడే కొసలన్నీ వదిలేసి, మడత కింద నొక్కుకుపోయిన కొసని గుంజింది. ముడి జారిపోయింది.

“నర్సులు ఇలా కట్టరు. లోడు కదలకూడదనుకునేవాళ్ళు కడతారు. లాగేకొద్దీ బిగుస్తుంది, అందుకే ఎవరో విప్పలేక కత్తెరతో కోయాల్సొచ్చింది. ఆ చారలు పడింది కూడా అందుకే. ఇవాళే వాకిట్లో లోడు తాడుకి ఇదే ముడి చూశాను.”

యాదలక్ష్మి మెల్లగా భర్త వైపు తిరిగింది. ఇన్నాళ్ళకి తన తీర్పు నిజమైనందుకు వెంకాయమ్మ సంతోషించలేదు; కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“సూశిన్రా!” అన్నాడు దశరథ. “మావోళ్లు కాదని నేను ముందే చెప్పిన.”

“మీవాళ్ళు కట్టలేదన్నారు గానీ, ఎవరూ కట్టలేదని మీరు అనలేదు దశరథగారూ. గాజుగుడ్డ ఆయన ఇంటినుంచి తెచ్చుకున్నాడా? డాక్టరు రాయకుండా రోగిని కట్టకూడదు. కట్టినా, మాటిమాటికీ వచ్చి చూస్తుండాలి. మీరు ఫ్లోరంతటికీ ఒక్క సిస్టర్ని పెట్టి, మిగతా పని చుట్టాల మీద వేశారు. ఫిర్యాదు ఆ అమ్మాయి మీద కాదు, మీ ఏర్పాటు మీద.”

దశరథ నవ్వు ఇస్త్రీ నలిగింది.

లింగస్వామి భార్య వైపు చూడకుండా చెప్పాడు. “లోడు ఆగదు మేడమ్. నేను పోవాలంటే సిస్టర్ గుడ్డ చేతికిచ్చింది. ‘నేనొక్కదాన్ని చూస్కోలేను, సూదులు పీక్కుంటది, కట్టిపో’ అన్నది. జర సేపే గద అనుకున్న. తెల్లారిందాక రాలేకపోయిన.”

“ఆని పేరు రాయకు బిడ్డా,” అంది పెంటమ్మ గోడవైపు నుంచే. “ఆనికి ఒచ్చిన ముడి గదొక్కటే. లోడు కట్టినట్టు కట్టిండు. నీ బాంచెన్, రాయకు.”

“రాయకపోతే మీ అబ్బాయి మాటే నిలుస్తుంది, మీకు మతి లేదన్న మాట,” అంది సింధూర మెత్తగా. “లింగస్వామిగారూ, మీ అమ్మ భయం ఆసుపత్రంటే కాదు. పక్కన కూర్చునేవాడంటే. కట్టినవాడు ఆమె ఎదుట తన తప్పు ఒప్పుకునేదాకా ఆమె ఏ గడపా తొక్కదు. ఆ చీముకి అంత ఓపిక లేదు.”

ఆమె ఫిర్యాదు కాగితం తీసి ‘ఎవరు’ అన్న ఖాళీ దగ్గర కలం ఆనించి ఆగింది.

లింగస్వామి మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. తల్లి చేతిని తన రెండు చేతుల మధ్యకు తీసుకుని, కమిలిన చోటు తగలకుండా పట్టుకున్నాడు.

“రాయుండ్రి మేడమ్. గుడ్డ ఇచ్చింది దవాఖాన, కట్టింది నేను. మా అమ్మకు మతి సక్కగనే ఉన్నది. నా మొకం దాస్కోనీకి నేనే లేదని చెప్పిన. తప్పు చేసిన అమ్మా.”