షీబా మొరగలేదు

సుకుమార్ మిలిటరీలో కుక్కల్ని నడిపినవాడు. కొండచరియలు విరిగిపడ్డ చోటికల్లా షీబాని వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. దానికి నేర్పిన విద్య ఒక్కటే. మట్టి కింద ప్రాణముంటే మొరగాలి. పోయి ఉంటే చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలి. జేబులోంచి బంతి తీసిచ్చేదాకా కదలకూడదు. బంతి ఇస్తేనే పని అయిపోయినట్టు.

రిటైరయ్యాక దాన్ని తీసుకుని నరసాపురం దగ్గరి సొంతూరు చేరాడు. అక్కడి ఆసామి దొరబాబుకున్న రొయ్యల చెరువులకి కాపలా కుదిరాడు. ఇంట్లోనూ షీబా అలవాటు పోలేదు. గుమ్మంలోకి ఎవరొచ్చినా, ఆఖరికి సుకుమార్ కూతురు ఆశాజ్యోతి వచ్చినా, ఒక్కసారి మొరిగేది. "బతికే ఉన్నానే తల్లీ" అని ఆ పిల్ల నవ్వేది.

దొంగల భయంతో దొరబాబు చెరువు గట్టు మీద కరెంటు తీగ లాగించాడు. కిందటి వారం అది తగిలి ఒక కూలీ చచ్చిపోయాడు. దొరబాబూ సుకుమారూ కలిసి శవాన్ని గట్టులోనే పూడ్చేశారు. ఆశాజ్యోతిని నర్సింగు చదివిస్తున్నది దొరబాబే. అందుకే సుకుమార్ నోరు కుట్టేసుకున్నాడు. విశ్వాసం కుక్కకేనా, కుక్కని పెంచినవాడికీ ఉంటుంది మరి.

ఇవాళ మధ్యాహ్నం షీబా సరిగ్గా ఆ మట్టి మీదే కూర్చుంది. సుకుమార్ జేబు వంక చూసింది. దొరబాబు కూడా చూశాడు.

"రేపు పోలీసులొచ్చినా ఇలాగే కూర్చుంటుంది," అన్నాడు మెల్లగా. "పొద్దుగూకే లోపు దాని సంగతి చూడు."

"అలాగేనండి."

సుకుమార్ దాన్ని కట్టెయ్యలేదు. ఆ అవసరమే లేదు. "స్టే" అన్నాడు, మెడ గొలుసు మీద గట్టు మీది తీగ వేశాడు, షెడ్డులోకెళ్ళి స్విచ్చు నొక్కాడు. పిచ్చిది, పారిపోగలిగి కూడా పారిపోలేదు. బంతి ఇస్తాడనుకుంటూ కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. ఎండు కర్రతో దాన్ని కాలవలోకి తోసేసి, వెనక్కి చూడకుండా ఇంటికి పరిగెత్తాడు.

మబ్బు కమ్మి సాయంత్రమే చీకటి పడింది. ఇళ్ళకి కరెంటు పోయింది; చెరువుల లైను వేరు. సుకుమార్ దీపం వెలిగించుకుని కూతురి కోసం చూస్తున్నాడు. కాలవ నీచు వాసన వచ్చింది. దాని వెనకే కాలిన వెంట్రుకల వాసన. వరండా గచ్చు మీద గోళ్ళ చప్పుడు... ఆగింది... మళ్ళీ వచ్చింది.

గుమ్మంలో షీబా. ఒళ్ళంతా నీళ్ళు కారుతోంది.

సుకుమార్ దీపం ఎత్తి పట్టుకున్నాడు. అంతలో గేటు చప్పుడైంది. ఆశాజ్యోతి లోపలికొచ్చింది.

"వానొచ్చేలా ఉందని గట్టు మీదుగా వచ్చేశాను నాన్నా."

గట్టు... తీగ... తను స్విచ్చు ఆపలేదు.

"ఏం కాలేదు కదమ్మా?" అన్నాడు. ఆ పిల్ల నిక్షేపంగా నిలబడి ఉంది. చేతిలో పుస్తకాలు, జడలో చెదరని పూలు. ప్రాణం లేచొచ్చింది అతనికి.

షీబా ఆమె పాదాలు వాసన చూసింది.

"మొరుగు," అన్నాడు సుకుమార్ గొణుగుతూ. "మొరుగు తల్లీ... నీకు దణ్ణం పెడతాను... ఒక్కసారి..."

షీబా చప్పుడు చెయ్యకుండా కూర్చుంది.

మంచం మీద ఫోను మోగింది. దొరబాబు. ఆగింది. మళ్ళీ మోగింది.

"ఎత్తకు నాన్నా," అంది ఆశాజ్యోతి.

షీబా అతని జేబు వంకే చూస్తోంది.