ముల్లు కదలని ట్రక్కు

మధ్యాహ్నం రెండింటికి కెజియా నెల్లూరులోని డిటెక్టివ్ ఆఫీసు గుమ్మంలోనే ఏడుపు మొదలుపెట్టింది. "మా నాయన దొంగ గాదు మేడమ్. సాయంత్రంలోగా మేజరు గారు రిపోర్టు రాసేస్తారంట."

డిటెక్టివ్ పుష్పకుమారి ఆమెను కూర్చోబెట్టి మెల్లగా విషయం రాబట్టింది. కెజియా తండ్రి పేరు సమాధానం. ఇరవై రెండేళ్ళు సైన్యంలో మెకానిక్‌గా చేసి, రిటైరయ్యాక బోగోలులో షెడ్డు పెట్టుకున్నాడు. కొత్త ట్రక్కుల కొనుగోలు ఆరేళ్ళుగా టెండర్ల దగ్గరే నానుతోంది. అందుకని పన్నెండు ముసలి ట్రక్కుల్ని బాగుచెయ్యమని సైన్యం అతనికే అప్పగించింది. ఈ ఉదయం ఏడింటికి మొదటిదాన్ని ట్రయల్‌కు తీస్తే నాలుగు కిలోమీటర్లకే ఇంజను బిగుసుకుని పట్టేసింది. పాత సామాన్లు బిగించి కొత్తవని నమ్మించాడని, ట్రయల్ చూడ్డానికొచ్చిన సైన్యం మేజర్ నింద. అది రిపోర్టుకెక్కితే ఇరవై రెండేళ్ళ మంచిపేరు మట్టిపాలే.

గంటలో పుష్పకుమారి, అసిస్టెంటు వెన్నెల బోగోలు షెడ్డులో ఉన్నారు. వెన్నెలకు అక్కడ ప్రతి ముఖమూ దొంగముఖంలాగే కనిపించింది. గొంతెండి ట్యాపు తిప్పబోతే స్టోర్‌కీపర్ రమణయ్య అడ్డం పడ్డాడు.

"తాగబాకమ్మా! బోరు నీళ్ళు, ఒట్టి ఉప్పు. బండ్లకి గూడా పొయ్యం. అదిగో డ్రమ్ము, మంచినీళ్ళు కోవూరు నించి తెప్పిస్తాం."

ఆ మర్యాద మీదా వెన్నెలకు అనుమానమే. స్టోరు తాళాలు ఉండేది అతని మొలకే మరి.

పుష్పకుమారి డ్రైవరు ఆండ్రూను పిలిచింది.

"ఇంజను వేడి చూపించే ముల్లు చూశావా?"

"చూస్తానే ఉన్నా మేడమ్. అది అడుగు నించి లేవనే లేదు. ఉన్నట్టుండి పట్టేసింది."

"లాక్కొచ్చాక బానెట్ ఎవరు తెరిచారు?"

"ఎవురూ తెరవలా. ముట్టుకోబాకండని మేజరు గారు గట్టిగా చెప్పినారు."

సమాధానం మాట్లాడుతున్నంతసేపూ ట్రక్కువైపే చూశాడు. "అయిదింటికి నేనే రేడియేటర్ మూత తీసి చూసినా. నీళ్ళు నిండుగా ఉండాయి. తర్వాత ప్రార్థనకి పోయినా."

చివరివాడు జయకుమార్, కొత్త ట్రక్కులమ్మే కంపెనీ మనిషి, హైదరాబాదు నుంచి వచ్చాడు. ఆరింటి నుంచీ అక్కడే ఫొటోలు తీసుకుంటున్నాడని, తాము టిఫినుకు పోయినా అన్నానికి పోయినా కదల్లేదని రమణయ్య చెప్పాడు.

"పెద్దాయన్ని చూస్తే జాలేస్తోందండీ. వేడెక్కి ఆగిందనడానికీ లేదు, రేడియేటర్ నిండా నీళ్ళున్నాయి. లోపల పనే బాగాలేదు" అన్నాడు జయకుమార్.

పుష్పకుమారి మేజర్‌తో సహా అందర్నీ ట్రక్కు దగ్గరికి పిలిచింది. బానెట్ ఎత్తించి, మూత తీయించి, రేడియేటర్లో వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"జయకుమార్ గారూ, రేడియేటర్లో పొయ్యడానికి ఒక బకెట్ నీళ్ళు తెచ్చిపెడతారా?"

ఆయన బకెట్ తీసుకుని నేరుగా ట్యాపు దగ్గరికి నడిచాడు. రమణయ్య నోరు తెరవబోతే పుష్పకుమారి కళ్ళతోనే ఆపింది. నిండు బకెట్‌తో ఆయన తిరిగొచ్చాక చెప్పడం మొదలుపెట్టింది.

"నీళ్ళు తగిలితేనే ఆ ముల్లు లేస్తుంది. నీళ్ళు లేకపోతే ఇంజను మాడిపోతున్నా పడుకునే ఉంటుంది. అంటే ట్రయల్‌కు ముందే ఎవరో రేడియేటర్లోని నీళ్ళు వదిలేశారు, కిందున్న ఇసుక తాగేసింది. లాక్కొచ్చాక తప్పు మెకానిక్ మీదికి పోయేలా మళ్ళీ నింపారు. నింపినవి ఉప్పునీళ్ళు! ఈ షెడ్డు మనిషెవడూ బండికి బోరు నీళ్ళు పొయ్యడు. సరే, ఎవరూ తెరవని మూత కింద నీళ్ళు నిండుగా ఉన్నాయని మీకెలా తెలిసింది జయకుమార్ గారూ?"

"ఆరేళ్ళుగా ఈ ఆర్డరు కోసం తిరుగుతున్నాను మేడమ్. పాతవి నడిస్తే మా కొత్తవి ఎవరు కొంటారు?" అన్నాడు జయకుమార్ తల వంచుకుని.

మేజర్ సగం రాసిన రిపోర్టును చించేశాడు. కెజియా తండ్రి చెయ్యి పట్టుకుని భోరుమంది. సమాధానం ఆ చేతిని నిమిరి, మెల్లగా విడిపించుకుని ట్రక్కు కిందికి దూరాడు.

"యాడికి నాయనా?"

"ముందు ఆ ఉప్పునీళ్ళు వదలాలమ్మా. ఉంచితే ఇనుముని తినేస్తది."

రమణయ్యను అనుమానించినందుకు వెన్నెలకు సిగ్గేసింది. జయకుమార్ చేతిలోని బకెట్ లాక్కుని ఇసుకలో కుమ్మరించి, కోవూరు నీళ్ళ డ్రమ్ము దగ్గరికి నడిచింది.