పడవలో అయితే

ఫెబా మధ్యాహ్నం గిన్నెలు తోముతోంది. కెజియా పక్కన కూర్చుని, కడిగిన గరిటెలన్నీ కలిపి దారంతో గట్టిగా కడుతోంది.

"మళ్లా కట్టినావా?" అంది ఫెబా. "నిన్న ఆ ముడి ఊడక అమ్మ పప్పును గ్లాసుతో ఎనిపింది."

"పడవలో అయితే కట్టకపోతే నీళ్లలో పడిపోతాయి వదినా."

"ఇది మిద్దె. ఈడ యాడికీ పోవు."

కెజియా కాసేపు ఆలోచించింది. ముడి మాత్రం విప్పలేదు.

ఫెబాకు పదకొండేళ్లు. కెజియాకు తొమ్మిది. కెజియా వాళ్ల నాయన ఏలీయా ఫెబాకు మేనమామ. శ్రీశైలం డ్యామ్ వెనక నిలిచే నీళ్లలో చేపలు పడతాడు. నీళ్లు ఎటు జరిగితే ఆయన పడవ అటు జరుగుతుంది. టార్పాలిన్ కప్పిన ఆ పడవలోనే వంట, అందులోనే పడక. అలా తిరుగుతుంటే కెజియాకు ఏ బడీ నిలవలేదు. అందుకే క్రిస్మస్ సెలవులు అయిపోగానే ఆమెను నంద్యాల తీసుకొచ్చి, అక్క మంజుల ఇంట్లో వదిలిపెట్టాడు. మంజుల అంటే ఫెబా వాళ్ల అమ్మ.

ఆ రోజు నుంచి ఫెబా నోట్లోంచి మంచి మాట వచ్చింది తక్కువ.

కెజియా చెంబును కుళాయికి కట్టేది. స్కూలు బ్యాగును మంచం కోడుకు కట్టేది. బడికి టైమవుతుంటే ఫెబా పళ్లతో ముళ్లు విప్పుకునేది. రాత్రి కెజియా నేల కదలడం లేదని, అందుకే నిద్ర పట్టడం లేదని పక్కకు జరిగి మరీ చెప్పేది. అలా చెప్పి తను నిద్రపోయేది. ఫెబాకు మెలకువ వచ్చేసేది.

ఇక ఆ గొంతు ఒకటి. నీళ్ల మీద ఒక పడవ నుంచి ఇంకో పడవకు వినపడేలా పెంచుకున్న గొంతు. కింద ఇంటి ఓనరు కమలాక్షమ్మ "ఏం కూర పాపా?" అని మామూలుగా అడిగితే, కెజియా పిట్టగోడ దగ్గర నిలబడి వీధంతా వినపడేలా చెప్పేది. కూర మాడిందని కూడా చెప్పేది. ఎవరు మాడ్చారో కూడా చెప్పేది.

బళ్లో అందరి ముందు "వదినా" అని అరిచేది. ఇప్పుడు ఫెబా స్నేహితురాళ్లు శ్రీహిత, శ్రీనిధి కూడా ఆమెను వదినా అనే పిలుస్తున్నారు.

ఒక్కటి మాత్రం కెజియాకు ఇల్లే నచ్చింది. మొన్న ఉన్నట్టుండి వాన వచ్చినప్పుడు కిటికీ దగ్గర అలాగే నిలబడిపోయింది. పడవలో వానొస్తే అందరూ టార్పాలిన్ కొసలు పట్టుకుని కూర్చోవాలట. వాన ఎలా ఉంటుందో చూడటానికి తీరిక ఉండదట.

అన్నిటికన్నా పెద్ద గొడవ మురికినీళ్లది. మిద్దె మీద నుంచి నీళ్లు దిగే పైపు పగిలింది. బాగు చేయించేదాకా గిన్నెలు కడిగిన నీళ్లు బకెట్లో పట్టి, మెట్లు దిగి, కాలువలో పోయాలని కమలాక్షమ్మ చెప్పింది. పడవలో అయితే ఏ నీళ్లయినా పక్కకు వంచేస్తే అయిపోతుంది. కెజియా ఇక్కడా అలాగే పిట్టగోడ మీంచి వంచేసింది. మొదటిసారి ఆ నీళ్లు కమలాక్షమ్మ కరివేపాకు చెట్టు మీద పడ్డాయి. రెండోసారి ఆమె భర్త లక్ష్మీనారాయణ చదువుతున్న పేపరు మీద పడ్డాయి. ఆయన పేపరును తీగ మీద ఆరేసుకున్నాడు. కమలాక్షమ్మ పైకొచ్చి, ఇంకోసారి ఇట్లా జరిగితే ఇల్లు ఖాళీ చేయండని చెప్పి పోయింది.

మంజుల ఆ రోజు కెజియాతో పిట్టగోడ పట్టించి ఒట్టు వేయించుకుంది. తమ్ముడికి ఫోన్ చేసి, మళ్లీ పోస్తే వచ్చి తీసుకుపొమ్మని కూడా చెప్పింది. ఆ తర్వాత కెజియా పిట్టగోడ దగ్గరికి బకెట్ తీసుకుపోలేదు.

ఈ రోజు బకెట్ మోయడం ఫెబా వంతు.

బకెట్ నిండుగా ఉంది. ఎండ మండిపోతోంది. ఒంటిపూట బడి కాబట్టి శ్రీహిత వాళ్లింట్లో అందరూ క్యారమ్స్ ఆడుతున్నారు. ఇప్పటికే ఆలస్యమైంది. ఫెబా మెట్ల వైపు చూసింది. పిట్టగోడ వైపు చూసింది. వెనక పెరట్లో ఈ ఎండకు ఎవరుంటారు?

బకెట్ ఎత్తి వంచేసింది.

కింద ఏదో తపతపమని చప్పుడైంది. ఫెబా తొంగి చూసింది. నవారు మంచం మీద తెల్లచీర పరిచి ఉంది. దాని నిండా సగ్గుబియ్యం వడియాలు. కోతుల బాధకు కమలాక్షమ్మ ఈసారి మిద్దె మీద ఎండబెట్టలేదు. పెరట్లో పెట్టి, కట్టె పట్టుకుని కాపలా కూర్చుంది. మంచినీళ్ల కోసం ఇప్పుడే లోపలికి వెళ్లింది. ఆళ్లగడ్డలో ఉన్న కూతురికి పంపడానికి పెట్టిన వడియాలవి. వాటి మీద ఇప్పుడు అన్నం మెతుకులు, పప్పు, సబ్బు నురుగు.

కెజియా కూడా పక్కకొచ్చి తొంగి చూసింది. ఫెబా ముఖం చూసింది. మళ్లీ కిందికి చూసింది.

కమలాక్షమ్మ కేక విని మంజుల కుట్టుమిషన్ ముందు నుంచి లేచి బయటికి వచ్చింది. ఆమె ఫెబా వైపు చూడనైనా లేదు.

"కెజియా! ఎన్నిసార్లు చెప్పాల్నే నీకు?"

ఫెబా నోరు తెరిచింది. 'నేను' అనాలి. అనలేదు. కెజియా అయితే గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఫెబా పైనుంచే చూసింది. కెజియా మంచం పక్కన కూర్చుని, బాగున్న వడియాలను ఒక్కొక్కటే ఏరి చాటలో వేస్తోంది. కమలాక్షమ్మ తిడుతూనే ఉంది. పడవ పిల్లలకు పద్ధతి యాడ నుంచి వస్తాదని అంది. కెజియా తల ఎత్తకుండా ఏరుతూనే ఉంది. చెడిపోయినవే ఎక్కువ ఉన్నాయి.

ఫెబా ఆ రోజు క్యారమ్స్‌కు పోలేదు.

సాయంత్రం నాయన డేవిడ్ విత్తనాల గోడౌన్ నుంచి వచ్చేసరికి అమ్మ మామకు ఫోన్ కూడా చేసేసింది. మామ రేపు పొద్దున ఆత్మకూరు బస్సుకు వస్తాడు. చిన్నపిల్ల గదా, ఇంకొక్కసారి చూద్దామని నాయన అన్నాడు.

"ఇల్లు ఖాళీ చేయమంటే నువ్వు ఎతుకుతావా?" అంది అమ్మ. "పొద్దంతా మిషన్ తొక్కాల్నా, ఈ పిల్ల పోసే నీళ్లకు కాపలా కాయాల్నా? నా వల్ల కాదు."

కెజియా తన బట్టలు సంచిలో సర్దుకుంటోంది. యూనిఫాం మడత పెట్టి ఫెబా అల్మరాలో పైన పెట్టింది.

"అది ఎందుకు పెడతాండావ్ ఈడ?"

"పడవలో దేనికి వదినా? నీకు పొట్టయితాది. ఎవరికన్నా ఇయ్యండి."

ఫెబా తలుపు దగ్గరికి వేసింది. గొంతు తగ్గించింది. "నువ్వు చూసినావు గదా. అమ్మకు ఎందుకు చెప్పలేదు?"

కెజియా విచిత్రంగా చూసింది. "పడవలోకి నీళ్లొస్తే బొక్క ఎవరు చేసినారని అడగరు వదినా. ముందు అందరూ తోడతారు."

"తోడినాక?"

"తోడినాక, చేసినోళ్లే చెప్తారు."

"చెప్పకపోతే?"

ఆ ప్రశ్న కెజియాకు అర్థం కాలేదు. "ఎందుకు చెప్పరు? పడవలో ఉండేదే నలుగురు."

ఫెబాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. "ప్రతిదానికీ పడవ, పడవ. ఇది ఇల్లు, తెలిసిందా? ఈడ అట్లుండదు. నువ్వు చెప్పకుంటే నీ మీదే పడతాది. తెలివి లేదా నీకు?"

కెజియా సంచి మూతి కడుతూ ఆగింది. "నువ్వు చెప్తావని కూర్చున్నా," అంది.

అంతే. తిట్టలేదు, ఏడవలేదు. కాసేపటికి పడుకుంది. ఈ రోజు నేల కదలడం లేదని చెప్పలేదు. కెజియాకు నిద్ర పట్టలేదని ఫెబాకు తెలుస్తూనే ఉంది.

మరుసటి రోజు ఆదివారం. చర్చికి పోవడానికి అందరూ తయారవుతుండగా ఏలీయా మామ వచ్చాడు. గుమ్మం ఎత్తుగానే ఉన్నా, పడవలోకి దూరినట్టు తల వంచి లోపలికి వచ్చాడు. అమ్మ దోసెలు పెట్టింది. ఆయన కూతురిని ఏమీ అడగలేదు. కెజియా నాయన పక్కన కూర్చుని తింటోంది.

"నీళ్లు దిగిపోతాండాయి అక్కా," అన్నాడు మామ. "పడవను బాగా లోపలికి జరిపినా. ఆడ నుంచి రోడ్డుకు రావాలంటే పూట పడతాది."

"బడి?" అంది అమ్మ, పెనం వైపు తిరిగి.

"ఆడ బడి యాడిది?" ఆయన చెయ్యి కడుక్కున్నాడు. "నువ్వు ఇన్ని రోజులు చూసుకున్నావు. నిన్ను ఇబ్బంది పెట్టి చదివించేది ఏముందిలే."

అమ్మ కళ్లు తుడుచుకుంది. దోసె మాడుతోంది. ఆమె చూడలేదు.

మామ సంచి భుజానికి తగిలించుకున్నాడు. "పదమ్మా, బేగా. బస్సు పోతాది."

కెజియా లేచింది. ఒక్కసారి ఫెబా వైపు చూసింది. అడుగుతున్నట్టు లేదు, బెదిరిస్తున్నట్టూ లేదు. ఎప్పుడూ చూసినట్టే చూసింది.

"నేనే పోసినా," అంది ఫెబా.

ఎవరికీ వినపడలేదు. ఫెబా గొంతు అంత చిన్నగా వచ్చింది. ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి గట్టిగా, గదిలో అందరికీ వినపడేంత గట్టిగా వచ్చింది.

"నిన్న నీళ్లు నేనే పోసినా మామా. కెజియా కాదు."

అమ్మ అట్లకాడ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. నాయన చొక్కా గుండీ పెట్టుకుంటూ ఆగిపోయాడు.

"నిన్న చెప్పేదానికి ఏమయింది నీకు?" అంది అమ్మ. "నోరు లేదా? నేను ఆ పిల్లను... నిన్నటి నుంచి నేను ఆ పిల్లను..." ఆమె పొయ్యి ఆపేసింది. కెజియా దగ్గరికి వచ్చి, ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చాలాసేపు తీయలేదు.

మామ ఫెబాను చూశాడు. భుజం మీది సంచి తీసి మంచం మీద పెట్టాడు.

"ఇంకొక దోసె పోయ్ అక్కా," అన్నాడు.

ఫెబా ఇంకా అక్కడే నిలబడి ఉంది. అమ్మ తిడుతుందని చూసింది. తిడితే బాగుండు అనిపించింది. అమ్మ తిట్టలేదు. పెరట్లోంచి కమలాక్షమ్మ దగ్గు వినిపించింది. కొత్తగా వడియాలకు సగ్గుబియ్యం ఉడకబెట్టిన వాసన పైదాకా వస్తోంది. ఆమెకు మాత్రం అసలు సంగతి ఇంకా తెలియదు. పడవ పిల్లే చేసిందని రేపు ఆళ్లగడ్డలో కూతురికీ చెబుతుంది.

ఫెబా గుమ్మం వైపు నడిచింది. వెంటనే కెజియా కూడా వెనకాలే కదిలింది.

అమ్మ కెజియా చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు కూర్చో. తిను."

కెజియా కూర్చుంది. ఫెబా వెనక్కి తిరిగి చూడలేదు. చర్చికని వేసుకున్న కొత్త గౌను చేతులు మోచేతుల దాకా మడుచుకుంది. చెప్పులు వేసుకుని, కమలాక్షమ్మ పెరట్లోకి మెట్లు దిగింది.