పూనా చూసొచ్చిన అత్తాకోడళ్ళు

"మోదుగాకులు తెచ్చి మనిషి బొమ్మ కట్టండి. దానికే దహనం చేయండి, దాని పేరు మీదే పిండాలు పెట్టండి. మనిషి జాడ తెలియక పన్నెండేళ్ళు నిండితే చేయవలసింది ఇదే..." అని అయ్యగారు తాపీగా చెప్పి, ఇచ్చిన మజ్జిగ తాగి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయనకేం! చెప్పడం వరకే ఆయన పని. రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న కనకవ్వకు మాత్రం చేతులు ఆగిపోయాయి. ఆకుల బొమ్మ కాలిన తరువాత ఏం జరుగుతుందో ఏ ఆడదానికి తెలియదు? పదో రోజున నలుగురూ పట్టుకుని కూర్చోబెడతారు. గాజులు పగలగొడతారు. బొట్టు చెరిపేస్తారు. మెడలో పుస్తెలు తెంపుతారు. మొగుడు చచ్చాడని చెప్పినవాడు లేడు, చూసినవాడు లేడు... అయినా ఆమె విధవ అయిపోవాలి!

నిజాం రాజ్యం పోయిన నాలుగేళ్ళకు ఇల్లు వదిలి వెళ్ళాడు ఆమె భర్త వెంకటి. పెద్దపల్లి దగ్గరి సాలెవాళ్ళు చాలామంది పోయినట్టే అతనూ షోలాపూర్ మిల్లులో పనికని పోయాడు. అక్కడ ఎవరో పూనాలో గుర్రప్పందాలు చూపించారు. మొదటి ఏడాది గెలిచాడు. సంబరంగా ఇంటికి వచ్చాడు, అంతకంటే సంబరంగా తిరిగి వెళ్ళాడు. నెల తప్పిన సంగతి సిగ్గుపడి కనకవ్వ రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకునేలోపే రైలెక్కాడు. అంతే! మళ్ళీ రాలేదు. తండ్రి ముఖం ఎరుగని నర్మదకు ఇప్పుడు పదకొండేళ్ళు.

బావ హనుమండ్లు చెడ్డవాడేం కాదు. తమ్ముడి పెళ్ళాన్నీ బిడ్డనూ ఇన్నేళ్ళూ తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. కానీ ఇప్పుడు కొడుకు పెళ్ళి కుదిరింది. ఇంట్లో కర్మ చేయని మనిషి ఒకడున్నాడని ఆడపిల్లవాళ్ళు వెనకాడుతున్నారు. అది తెగితేగానీ మాఘంలో ముహూర్తం లేదన్నారు. "వచ్చే అమాస నాడు కానిద్దాం" అన్నాడు హనుమండ్లు నేల చూస్తూ.

కనకవ్వ లేచి నిలబడింది. బావ ఎదుట ఎన్నడూ గొంతెత్తని మనిషి!

"బావా! ఆయన చచ్చిండని ఎవరన్న చూసిండ్రా? పూనాల ఉన్నడని షోలాపూర్ కెళ్ళి వచ్చినోళ్ళు ఎన్నిసార్లు చెప్పలే! గక్కడికి పోయి చూసినోళ్ళు గీ ఇంట్ల ఒక్కలన్న ఉన్నరా?"

"అది సంసారులు పొయ్యే ఊరు కాదు కనకవ్వా! పందాల ఊరు. గక్కడ చూసేటందుకు ఏమున్నదని పోవాలె?"

"గా ఊరు మంచిది కాదని ఎప్పుడు తెలిసింది బావా మీకు?" కనకవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గొంతు మాత్రం వణకలేదు. "గెలిచి గోడగడియారం తెచ్చిననాడు పూనా మంచిదే! అత్తకు పట్టుచీర తెచ్చిననాడు మంచిదే! గీ ఇంటి మీది పెంకలు గా పైసలతోటి కప్పినయి కావా? 'మా తమ్ముడు పూనాకు పోయిండు' అని వాడకట్టంత చెప్పుకుంటిరి గదా! ఆయన రాకపొయ్యేసరికి అది పాపపు ఊరయ్యింది, నేను పాపిష్టిదాన్నయిన... నేను పోత. నా కండ్లతోటి చూసి వస్త. ఆయన లేడని తెలిస్తే నా చేతులు నేనే చాపుత. అప్పటిదాక గీ గాజుల మీద చెయ్యేసినోళ్ళ చెయ్యి ఇరగ్గొడ్త!"

తోటికోడలు పోశవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు మూల కూర్చున్న అత్త బాలవ్వ గొంతు సవరించుకుంది. అబ్బో, ఆ అత్త మాటలు కనకవ్వ ఎన్ని పడింది! 'మొగన్ని కొంగుకు కట్టేసుకోరాని దానివి, నీ కాలు పెట్టిన యాల్ల మంచిది కాదు' అని తిట్టకుండా ఆవిడకు తెల్లవారేది కాదు. అలాంటి బాలవ్వ, "నేను గూడ పోత" అంది! అందరూ తెల్లబోయి చూశారు.

"ఏం చూస్తుండ్రు? ఇది పిలిస్తే వాడు రాడు. కన్నతల్లిని నేను పిలిస్తే వస్తడు. వాడు బతికుంటే చెయ్యి పట్టుకొని తోలుకొస్త!"

జంధ్యాల పున్నానికి ఊరికి వచ్చిన కనకవ్వ తమ్ముడు రాములు షోలాపూర్ మిల్లులోనే పనిచేస్తాడు. అతన్ని తోడు తీసుకుని అత్తాకోడళ్ళు పెద్దపల్లిలో రైలెక్కారు. దారిలో ఒకరితో ఒకరు పది మాటలు మాట్లాడుకున్నారో లేదో! ఒకే మనిషి కోసం పోతున్నారు, కానీ ఒకరి మీద ఒకరికి కోపం తీరలేదు.

పూనా అందమైన ఊరమ్మా, అబద్ధం ఎందుకు ఆడాలి! సన్నగా వాన తుంపర, చల్లటి గాలి, బాటకు రెండు వైపులా పెద్ద పెద్ద చెట్లు, వాటి వెనక బంగళాలు. పందాల రోజు కావడంతో మోటారు కార్లు బారులు తీరి పోతున్నాయి. టోపీలు పెట్టుకున్న దొరలు, గొడుగుల కింద దొరసానులు... గుర్రాలను నడిపించుకుపోతుంటే బాలవ్వ నోరు తెరుచుకుని చూసింది. ఒక్కోదానికి ఇద్దరు మనుషులు. ఒళ్ళు తుడిచేవాడొకడు, గొడుగు పట్టేవాడొకడు!

"గుర్రానికి గింత సేవనా! మనిషికి ఎవలన్న చేస్తరానే?" అంది కోడలితో. కనకవ్వకు అంత బాధలోనూ నవ్వొచ్చింది.

మైదానం గేటు బయట చాయ్ హోటలువాడిని రాములు మరాఠీలో అడిగాడు. "తెలుగు వెంకటా? పందాల రోజు వాడు ఇంకెక్కడికి పోతాడు! అదిగో..." అని నవ్వుతూ చెయ్యి చూపించాడు వాడు. టికెట్ల వరుసలో చంకల కింద చిరిగిన అంగీ తొడుక్కుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, చేతిలో నలిగిన పందాల కాగితం పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. జుట్టు సగం ఊడిపోయింది. దవడలు లోపలికి పోయాయి. కనకవ్వకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. తల్లికి ఏ అనుమానమూ రాలేదు. బాలవ్వ బురదలో పరుగెత్తింది!

"కొడుకా! వెంకటీ! నా తండ్రీ...!"

అతను వెనక్కి తిరిగాడు. కళ్ళు చెమర్చాయి. పాపం, రాయేమీ కాదు వాడు! వంగి తల్లి కాళ్ళు ముట్టాడు. "అవ్వా... గింత దూరం ఎట్లొచ్చినవే?" అన్నాడు. వెనకనే నిలబడిన పెళ్ళాన్ని చూసి, "నువ్వు గూడ వచ్చినవా" అని తల దించుకున్నాడు.

"పా కొడుకా, ఇంటికి పోదాం! నిన్ను ఎవ్వరు ఒక్క మాట అనరు. నేనున్న గదా!"

"వస్త అవ్వా, తప్పకుంట వస్త. గిప్పుడు ఆట మొదలైతది. జరసేపు గా చెట్టు కింద కూసోర్రి. గీ ఒక్క ఆట అయిపోనియ్యి, అందరం కల్సి పోదాం..." అంటూనే అతని చూపు గేటు వైపు పోయింది. లోపల గంట మోగింది.

కనకవ్వ వెళ్ళి అతని ఎదురుగా నిలబడింది. "నీకు బిడ్డ పుట్టింది" అంది.

వెంకటి ఆగాడు. "బిడ్డనా?"

"నువ్వు పోయిన యేడే పుట్టింది. నర్మద అని పేరు పెట్టినం. నీ పోలికనే..."

అతని ముఖం విప్పారింది. ఎన్నాళ్ళ కిందటి ముఖమో అది! "ఏ తారీకు పుట్టింది?" అని ఆత్రంగా అడిగాడు. కనకవ్వ గుండె కరిగిపోయింది. తండ్రి కదా... ఎంత దూరమైనా తండ్రి తండ్రే కదా! "ఏడో తారీకు. శుక్రారం పొద్దుగాల" అని చెప్పింది, కన్నీళ్ళు ఆపుకుంటూ.

"ఏడా!" వెంకటి చేతిలోని కాగితం చూసుకున్నాడు. "ఏడో నంబరు గుర్రం! అవ్వా, చూసినవా... సమయానికి మీరు రావుడేంది, ఏడు అని చెప్పుడేంది! దేవుడే పంపిండు మిమ్ముల!"

కనకవ్వ నిలబడ్డచోటనే ఉండిపోయింది. బాలవ్వ మాత్రం కొడుకు చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "వద్దు కొడుకా... నీ కాళ్ళు మొక్కుత, వద్దు..." అని ఏడ్చింది. వెంకటి ఆమెను తోయలేదు, కసురుకోలేదు. నవ్వుతూనే ఒక్కొక్క వేలూ విడదీసుకుని, "గిప్పుడే వస్త అవ్వా" అని గేట్లోకి ఉరికాడు.

కాసేపటికి లోపల జనం హోరెత్తింది. ఏడో నంబరు గుర్రం గెలిచిందో ఓడిందో అత్తాకోడళ్ళు చూడలేదు. "పా అత్తా, బండి యాల్లయితది" అంది కనకవ్వ.

"అక్కా! జరసేపు ఆగుదాం, బయటికి వస్తడు గదా" అన్నాడు రాములు.

"వస్తడు తమ్ముడూ. మల్ల ఇంకో ఆట ఉంటది" అంది ఆమె, అత్త చెయ్యి పట్టుకుని నడుస్తూ.

రైలు షోలాపూర్ దాటినాక బాలవ్వ మెల్లగా, "బిడ్డా... ఇంట్ల దొరకలేదని చెబుదామే" అంది. పెళ్ళయిన నాటినుంచి అత్త నోట 'బిడ్డా' అన్న పిలుపు వినడం కనకవ్వకు అదే మొదలు! అదీ ఇందుకోసమా!

"దొరకలేదంటే కర్మ చేస్తరు అత్తా. నా గాజులు పగలగొడ్తరు."

"చచ్చిండంటే వానికి పరువన్న ఉంటదే... గట్ల చిరిగిన అంగీతోటి ఉన్నడని నలుగురిల ఎట్ల చెప్పాలె?"

"కొడుకు పరువు నిలబడాలెనని కోడల్ని విధవను చేస్తవా? నేను నిజమే చెప్త అత్తా. కానీ గాజుల కోసం అబద్ధమాడుతుందంటరు. రాములు చెప్పినా అక్క తరఫున మాట్లాడుతుండంటరు. నీ మాటనే నమ్ముతరు. ఇగ నీ ఇష్టం..." అని కనకవ్వ ముఖం తిప్పుకుంది.

ఇంటికి చేరేసరికి అమాస రానే వచ్చింది, వాకిట్లో బంధువులు కూడి ఉన్నారు. మోదుగాకుల మోపు గోడకు ఆనించి ఉంది. అయ్యగారికి కబురు పోయింది. హనుమండ్లు ఎదురొచ్చి, "అవ్వా, తమ్ముడు దొరికిండా?" అని అడిగాడు. అందరి చూపులూ ముసలావిడ మీదే! బాలవ్వ గడప మీద కూలబడి మంచినీళ్ళు అడిగింది. చెంబెడు నీళ్ళూ తాగింది. కనకవ్వ ఆవిడనే చూస్తోంది. చెప్తుందా... కొడుకును దాచుకుంటుందా...

"గా ఆకులు తీసుకపోయి బర్రె ముందట వెయ్యిర్రి!" అంది బాలవ్వ.

ఎవరూ కదల్లేదు.

"నా కొడుకు బతికే ఉన్నడు. చూసిన, మాట్లాడిన, చెయ్యి గూడ పట్టుకున్న. ఇడిపించుకొని పందెం కాసేటందుకు ఉరికిండు! నేను పిలిస్తె వస్తడని ఎగిరిన గదా... నవమాసాలు మోసినదాన్ని నేనే ఆపలేకపోయిన. రెండేండ్లు కాపురం చేసిన పోరి ఎట్ల ఆపుతది?" కోడలి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "గీ పిల్లను ఇన్నేండ్లు మాటలతోటి పొడుచుకు తిన్న. తప్పు దీనిది కాదు. అందరు ఇనుర్రి, తప్పు దీనిది కాదు! గీ చేతి గాజులు ముట్టాల్నంటే ముందు నన్ను పాడె మీద పండబెట్టాలె!"

"అత్తా...!" అంటూ కనకవ్వ ఆ ముసలి భుజం మీద తల వాల్చి భోరుమంది. ఎన్నాళ్ళ ఏడుపో అది! అత్త కూడా ఏడ్చింది. చూస్తున్న ఆడవాళ్ళందరూ కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు.

"మరి పెండ్లి సంగతి అవ్వా?" అన్నాడు హనుమండ్లు నెమ్మదిగా.

"బతికున్నోనికి కర్మ ఏందిరా? కర్మనే లేకుంటే పెండ్లికి అడ్డమేంది? వియ్యపోళ్ళ ఇంటికి నేనే పోయి చెప్త. పెండ్లి పసుపు గూడ కనకవ్వనే దంచుతది. వద్దనేటోడు నా ముందటికి రావాలె!"

రావడానికి ఎవరికి ధైర్యం! బంధువులు ఒక్కొక్కరే సర్దుకున్నారు. పోశవ్వ చేటలో బియ్యం పట్టుకుని పక్కన చేరి, "చెల్లే, గంత దూరం పోతివి... నిజంగ పోవాల్సిన ఊరేనానే అది?" అని గుసగుసగా అడిగింది.

"పోవాల్సిన ఊరే అక్కా" అంది కనకవ్వ. "మొగోళ్ళు పోతే పాడైతరు గని, నా అసొంటిది ఒక్కసారి పోయి చూడాలె. నాల ఏం తక్కువుండి పోయిండో అని ఇన్నేండ్లు కుమిలిన. గా గేటు కాడ నిలబడితే తెలిసింది. నాల ఏం తక్కువ లేదు."

అప్పటిదాకా తలుపు చాటున నిలబడి వింటున్న నర్మద మెల్లగా వచ్చి తల్లి కొంగు పట్టుకుంది. "అవ్వా... బాపు నన్ను అడిగిండా?"

బాలవ్వ ముఖం పక్కకు తిప్పుకుంది. అడిగాడని చెప్పమని పోశవ్వ కళ్ళతో సైగ చేసింది. చెప్పవచ్చు... ఒక్క మాట చెబితే పిల్ల మురిసిపోతుంది! కానీ అలాంటి మాటలు నమ్ముకునే కదా తన వయసంతా పోయింది! కనకవ్వ కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఏ తారీకు పుట్టిందని అడిగిండు బిడ్డా. ఏడు అని చెప్పిన. ఏడో నంబరు గుర్రం మీద పందెం కాస్తనని ఉరికిండు. నిన్ను చూడాలెనని అనలే. నేను పన్నెండేండ్లు వాకిట్ల నిలబడి చూసిన. నువ్వు ఒక్క పూట గూడ చూడద్దు!"

నర్మద తల్లి ఒడిలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఊరుకోమని కనకవ్వ అనలేదు. ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చి, తరువాత లేపి, కాళ్ళూ చేతులూ కడుక్కుని బువ్వకు రమ్మంది.